మిర్చి దుమ్ము పట్టిన ఏసీ ఫిల్టర్: ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. గుంటూరులో చుట్టుగుంట దగ్గర ఇల్లు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, ఆరేళ్ల నాటి గ్రాండ్ ఐ10. ఏసీ వేయగానే ముందు సీట్లో మీ ఆవిడకు తుమ్ములు, వెనక సీట్లో పాపకు దగ్గు. బ్లోయర్ నాలుగులో పెట్టినా గాలి అంతంతమాత్రమే. ఒక గ్యారేజీలో ఫిల్టర్, కాయిల్ క్లీనింగ్, గ్యాస్ అన్నీ కలిపి ఆరు వేలు చెప్పారు. అంత అవసరమా, ఫిల్టర్ ఒక్కటే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా, లేక గాలి కొట్టించి మళ్లీ పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల ఏసీ పనే చేస్తున్నాను. ఫిల్టర్ మార్చడం మా దగ్గర చేయాల్సిన పనే కాదు. స్కూటర్‌కి పెట్రోలు కొట్టించుకున్నంత తేలిక. మొదటిసారి కాబట్టి పావుగంట పడుతుంది, రెండోసారి ఐదు నిమిషాలు. అయితే ఫిల్టర్ మార్చినంత మాత్రాన మీ ఇంట్లోవాళ్ల తుమ్ములు ఆగుతాయని నేను చెప్పను. ఎందుకంటే మీరు మధ్యలో ఒక మాట అలవోకగా రాసేశారు: "రోజూ శాంపిల్ సంచులు వెనక డిక్కీలో వేసుకుని తిరుగుతాను" అని. నాకు అక్కడే అనుమానం తగిలింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ ఆరు వేల లెక్క చూద్దాం. ఏసీ బాగోలేదని వచ్చే ప్రతి కారుకీ గ్యాస్ అక్కర్లేదు. వెంట్ల ముందు చెయ్యి పెట్టి చూడండి. గాలి తక్కువగా వస్తోంది కానీ వచ్చిన కాస్తా చల్లగా ఉందంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, ఎక్కువసార్లు అదే. గాలి జోరుగా కొడుతోంది కానీ చల్లదనం లేదంటే అప్పుడు గ్యాసో, కంప్రెసరో, ముందు బంపర్ వెనక ఉండే కండెన్సరో చూడాలి. ఒకటి, రెండు, మూడులో అసలు తిరక్కుండా నాలుగులో మాత్రమే బ్లోయర్ తిరుగుతోందంటే అది బ్లోయర్ వేగం తగ్గించే రెసిస్టర్ పోవడం, చిన్న ముక్క. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకం. ఫిల్టర్ మార్చాక కూడా చల్లదనం రాకపోతే అప్పుడు గ్యాస్ ప్రెజర్ చెక్ చేయించుకోండి. చెక్ చేయకుండానే గ్యాస్ నింపుతామనేవాళ్ల దగ్గర నేనైతే కారు ఆపను.

ఇంకొకటి. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ వేరు, క్యాబిన్ ఫిల్టర్ వేరు. మొదటిది బానెట్ కింద నల్ల డబ్బాలో ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలిని వడగడుతుంది. రెండోది లోపల కూర్చున్న మనం పీల్చే గాలికి. మొన్నామధ్య ఒకాయన "సర్వీసులో ఎయిర్ ఫిల్టర్ మార్చారండీ, అయినా వాసన పోలేదు" అని వచ్చాడు. బిల్లు చూస్తే ఇంజిన్ ఫిల్టర్. క్యాబిన్‌ది తీస్తే కారు కొన్నప్పటి నుంచీ అదే ఉంది, ముట్టుకుంటే పొడి రాలింది. మీరు కొట్టులో అడిగేటప్పుడు "ఏసీ ఫిల్టర్" అనో "క్యాబిన్ ఫిల్టర్" అనో స్పష్టంగా అనండి, బండి పేరుతో పాటు తయారైన సంవత్సరం కూడా చెప్పండి. ఒకే పేరున్న కారులో పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ సైజు మారిపోతుంది. ఇంకా మంచి పద్ధతి, పాతది ముందు బయటికి తీసి ఫ్రేమ్ అంచు మీద ముద్రించిన పార్ట్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకోవడం.

కొన్ని కార్లలో కింది వేరియంట్లకు కంపెనీ ఫిల్టరే ఇవ్వదు. చోటు ఉంటుంది, లోపల ఖాళీ. తీసి చూసి ఏమీ లేదని కంగారు పడకండి. ఆ చోటుకి సరిపోయేది కొని పెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు రెండు రకాలు చూపిస్తారు. తెల్లటిది మామూలుది, దుమ్మును ఆపుతుంది. బూడిద రంగులోనో నల్లగానో ఉండేదాంట్లో యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉంటుంది, దుమ్ముతో పాటు డీజిల్ పొగ వాసన, మురుగు వాసన లాంటివి కొంత పీల్చుకుంటుంది. మామూలుది రెండు మూడు వందల్లో, కార్బన్‌ది నాలుగు వందల పైన దొరుకుతుంది, బ్రాండును బట్టి అటూఇటూ. కాజా టోల్‌గేట్ మీదుగా రోజూ విజయవాడ వచ్చిపోయేవాళ్లకి, లారీల వెనక నడిచేవాళ్లకి కార్బన్‌ది పనికొస్తుంది. మీకు మాత్రం మామూలుది కొని, రెండింతలు తరచుగా మార్చడమే లాభం అంటాను. మిర్చి ఘాటు వాసన కాదు కదండీ, అది దుమ్ము. కాయలోని ఘాటు పదార్థం సన్నటి పొడితో పాటు గాల్లో తేలుతూ వస్తుంది. దాన్ని పట్టేది దుమ్మును ఆపే పొరే. పైగా కార్బన్ అయిపోయిందో లేదో కంటికి కనపడదు. నల్లగా కొన్నది నల్లగానే ఉంటుంది.

కార్బన్ ఫిల్టర్ గురించి ఒక హెచ్చరిక కూడా. అది కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. ఎండాకాలం మధ్యాహ్నం అద్దాలన్నీ ఎక్కించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీలో నిద్రపోయే డ్రైవర్లను రోజూ చూస్తుంటాను. ఏ ఫిల్టర్ పెట్టినా ఆ పని చేయకూడదు.

ఇక గాలి కొట్టించడం. ఇది మన దగ్గర అందరూ చేసేదే, పెట్రోలు బంకుల్లో టైర్లకు గాలి కొట్టే కుర్రాడు కూడా చేసి పెడతాడు. దులిపితే దుమ్ము రాలుతుంది, ఫిల్టర్ తెల్లగా కనిపిస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఈ ఫిల్టర్ చీర కొంగులాంటి నేత గుడ్డ కాదు. సన్నటి సింథటిక్ పోగులను కలగాపులగంగా అద్ది, వాటికి స్థిర విద్యుత్ ఇచ్చి చేస్తారు. అతి సన్నటి దుమ్ము రంధ్రాల్లో ఇరుక్కోవడం కంటే ఆ విద్యుత్ వల్ల పోగులకు అతుక్కోవడమే ఎక్కువ. కంప్రెసర్ గాలి దగ్గరగా కొడితే పోగులు విడిపోయి సందులు పెద్దవవుతాయి. సబ్బు నీళ్లలో ఉతికితే ఆ విద్యుత్ పోతుంది. ఆ తర్వాత గాలి బ్రహ్మాండంగా వస్తుంది, నిజమే. దుమ్ము కూడా అంతే బ్రహ్మాండంగా వస్తుంది. ఆకులు, పురుగులు పడ్డాయనుకోండి, చేత్తో మెల్లగా తట్టి తీసేసి ఇంకో నెల వాడుకోండి, తప్పు లేదు. రంగు మారి, మడతల్లో దుమ్ము గట్టిపడ్డదాన్ని మాత్రం పారేయాల్సిందే.

మీ విషయంలో దులపకూడదనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. మీ యార్డులోనే పనిచేసే ఒకాయన సీజన్ మధ్యలో ఇంటి వరండాలో ఫిల్టర్ తీసి, గోడకేసి రెండు దెబ్బలు కొట్టాడు. ఇంట్లో పొయ్యి మీద ఎండుమిరపకాయలు మాడినంత పనైంది. పక్కింటివాళ్లు కూడా దగ్గుతూ బయటికొచ్చారట. అదే చేత్తో కళ్లు నులుముకున్నాడు పాపం. అందుకని మీరు మాస్కు పెట్టుకోండి, చేతులకు ఏదో ఒక కవరైనా తొడుక్కోండి, పాపను దగ్గరికి రానివ్వకండి.

పని ఇలా మొదలుపెట్టండి. కారు నీడలో పెట్టి ఇంజిన్ ఆపేయండి, తాళం బయటికి తీసేయండి. ఈ తాళం సంగతి చిన్నచూపు చూడకండి. పని నేర్చుకునే రోజుల్లో బ్లోయర్ తిరుగుతుండగానే ఒక కారులో ఫిల్టర్ లాగాను. దాని మీద పేరుకున్న కానుగ ఆకులన్నీ కింద తిరిగే ఫ్యాన్‌లో పడి టకటకమని మోత. ఫిల్టర్‌కి పది నిమిషాలు అనుకున్నది, బ్లోయర్ విప్పి బిగించేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. మీ కారులో కూడా ఫిల్టర్ పైన, ఫ్యాన్ కింద. అందుకే చెబుతున్నా.

డ్రైవర్ పక్క సీటును పూర్తిగా వెనక్కి జరిపి, నేల మీద పాత పేపర్లు పరవండి. గ్లోవ్ బాక్స్ ఖాళీ చేయండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు, పాత టోల్ రసీదులు, ఎప్పటివో బిళ్లలు, అన్నీ. డబ్బా తెరిచి లోపలి పక్క గోడలు చూస్తే రెండు వైపులా ఒక్కో ప్లాస్టిక్ స్టాపర్ కనిపిస్తుంది. డబ్బా మరీ కిందికి వాలిపోకుండా ఆపేవి అవే. వాటిని తిప్పి లోపలికి లాగితే వచ్చేస్తాయి. పక్కన చిన్న తాడో, కడ్డీయో తగిలించి ఉంటే కొక్కెం నుంచి తప్పించండి. ఇప్పుడు డబ్బా మోకాళ్ల మీదికి వాలిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పనే లేదు. ఎక్కడైనా బలం వాడాల్సి వస్తోందంటే మీరు తప్పుచోట లాగుతున్నారని అర్థం, ఆగి టార్చి వేసి చూడండి. ఎండకు కాగి కాగి మన ఊళ్లలో కార్ల ప్లాస్టిక్ అప్పడంలా అవుతుంది, ముఖ్యంగా ఐదారేళ్లు దాటినవాటికి. ఉదయం పూట నిదానంగా చేసుకోండి, రోహిణి కార్తె మధ్యాహ్నం చిరాకులో మాత్రం వద్దు.

వెనక నల్లటి అడ్డపట్టీ లాంటి మూత కనిపిస్తుంది. దాని లాక్ నొక్కి లాగితే వస్తుంది, లోపల ఫిల్టర్ అంచు. లాగే ముందు అంచు మీద బాణం గుర్తు ఎటు చూపిస్తోందో ఫొటో తీసుకోండి. గాలి ఏ దిక్కున పారాలో చెప్పే గుర్తు అది. మీ కారులో కిందికి చూపించాలి. మిగతా కార్లలో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పక్కకు ఉండేవి కూడా ఉన్నాయి. పోలో లాంటి వాటిలో గ్లోవ్ బాక్స్ జోలికే పోనక్కర్లేదు, కాళ్లు పెట్టుకునే చోట పైకి చూస్తే మూత ఉంటుంది. ఇది చదివి వేరే కారు విప్పేవాళ్లు తమ బండి మాన్యువల్‌లో ఒక్క పేజీ చూసుకుని మొదలుపెట్టండి.

ఫిల్టర్‌ను వంచకుండా, అడ్డంగా, మెల్లగా బయటికి లాగి వెంటనే కవర్లో వేయండి. వేసే ముందు మాత్రం ఒకసారి బాగా చూడండి. మా దగ్గరికొచ్చే కార్ల ఫిల్టర్ చూసి బండి ఎక్కడ తిరుగుతుందో చెప్పేస్తామని కుర్రాళ్లతో పందెం వేస్తుంటాను. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ బూడిద లారీల దారిలో తిరిగేవి లేత బూడిద రంగులో మెత్తగా ఉంటాయి. మా ఆటోనగర్‌వి మసి నలుపు. వేపచెట్టు కింద పెట్టేవాళ్లవి ఎండాకాలం మొదట్లో పూతతో నిండిపోతాయి. మీ యార్డు కార్లవి ఇటుక రంగు తిరిగి ఉంటాయి, ముక్కు దగ్గర పెట్టకుండానే తెలుస్తుంది.

ఫిల్టర్ మూలన కొరికినట్టు బెజ్జం గానీ, చిన్న నల్లటి పెంటికలు గానీ కనిపిస్తే ఎలుక. యార్డు చుట్టుపక్కల గోడౌన్లు కాబట్టి మీకు ఆ అవకాశం ఉంది. అప్పుడు కొత్త ఫిల్టర్ పెట్టేముందు బయట వైపర్ల కింద గాలి లోపలికి వెళ్లే దారికి జాలీ ఉందో లేదో చూపించుకోవాలి. లేకపోతే కొత్త ఫిల్టర్ కూడా దాని పిల్లలకు పక్కబట్ట అవుతుంది.

ఖాళీ అయిన అర లోపల టార్చి వేసి, చేతికందిన ఆకులు, చెత్త ఏరేయండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్న నాజిల్ పెట్టి పీల్చండి. గాలి ఊదడం వద్దు, అది ఫ్యాన్‌లోకి పోతుంది. తడిగుడ్డ బాగా పిండి అర గోడలు తుడవండి. కొత్త ఫిల్టర్ బాణం చూసుకుని దూర్చండి. మూత "టక్" మని రెండు వైపులా పడాలి. సరిగ్గా పడకపోతే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పక్క సందుల్లోంచి పోతుంది, వెళ్తున్నప్పుడు ఈల వేసినట్టు చప్పుడు కూడా వస్తుంది. డబ్బా పైకెత్తి స్టాపర్లు బిగించి, బ్లోయర్ ఒకటి నుంచి నాలుగు దాకా వేసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు శాంపిల్ సంచుల సంగతి. ఏసీ బటన్ల దగ్గర కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉంటుంది చూడండి, రీసర్క్యులేషన్. అది నొక్కితే బయటి గాలి ఆగిపోయి లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మన వేడికి అందరం దాన్ని ఆన్‌లోనే వదిలేస్తాం, త్వరగా చల్లబడుతుంది కాబట్టి. మీది హ్యాచ్‌బ్యాక్. డిక్కీకీ వెనక సీటుకీ మధ్య గోడ లేదు, పైన పల్చటి పలక తప్ప. సంచి మూతి నుంచి, మీ బట్టల నుంచి, చెప్పుల నుంచి రాలిన మిరప పొడి ఆ గాలితో తిరుగుతూ ఉంటుంది. ఫిల్టర్ కొంత పడుతుంది, త్వరగా నిండిపోతుంది. పట్టనిది వెనక సీట్లో సంచులకు దగ్గరగా కూర్చున్న పాప ముక్కులోకి పోతుంది. ఏసీ వేయగానే తుమ్ములు మొదలవడానికి ఇంకో కారణం, మొదటి జోరుకి వెంట్లలో, మ్యాట్ల మీద పేరుకున్నదంతా ఒక్కసారి లేస్తుంది.

కాబట్టి ఫిల్టర్ మార్చిన రోజే సీట్లు, మ్యాట్లు, డిక్కీ కార్పెట్ వాక్యూమ్ చేయించండి. ఊరికే గుడ్డతో దులిపితే ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మారుతుంది, అంతే. శాంపిళ్లు సంచుల్లో వద్దు, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఘాటెక్కువుండే తేజ రకం మిర్చి అయితే మరీనూ. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చోట, ముచ్చికలు తీసే చోట కారు ఆపాల్సి వస్తే అద్దాలు ఎక్కించి రీసర్క్యులేషన్‌లో ఉంచండి. యార్డు దాటి మంచి గాలి ఉన్నచోటికి రాగానే నాలుగు అద్దాలూ దించి, బయటి గాలి మోడ్‌లో బ్లోయర్ ఫుల్‌గా రెండు నిమిషాలు తిప్పి, అప్పుడు మామూలుగా వేసుకోండి. వీలైతే యార్డు చొక్కాతో పాపను ఎక్కించుకోకండి. ఇవన్నీ చేశాక కూడా దగ్గు తగ్గకపోతే అది నా పని కాదు, డాక్టర్‌కి చూపించండి.

కాయిల్ క్లీనింగ్ అవసరమా అంటే, మీరు వాసన గురించి ఏమీ రాయలేదు. ఏసీ వేసిన మొదటి నిమిషంలో తడి గుడ్డ ముక్కిన వాసన, పుల్లటి వాసన వస్తుంటే కూలింగ్ కాయిల్ మీద బూజు పట్టిందని. దానికి ఫిల్టర్ మార్చినా ఉపయోగం ఉండదు, డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా పెట్టినా ఉండదు. కాయిల్ శుభ్రం చేయించాలి. వాసన లేకపోతే ఇప్పుడు డబ్బులు తగలేయకండి. బూజు పట్టకుండా ఉండాలంటే ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ మాత్రం తిప్పండి, కాయిల్ మీద తడి ఆరిపోతుంది. పక్క సీటు కింద మ్యాట్ తడిగా ఉంటోందంటే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోయిందన్నమాట, దాన్ని వెంటనే చూపించాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి మునిగిన కార్లు ఎన్నో చూశాం. అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు మాత్రం ఫిల్టర్‌తో సరిపెట్టుకోవద్దు, బ్లోయర్ డబ్బా మొత్తం విప్పించి బురద కడిగించాలి.

ఎన్నాళ్లకోసారి మార్చాలి? మామూలుగా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లు, లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. మీ లెక్క వేరు. సంక్రాంతి దాటాక యార్డుకి సరుకు జోరందుకుంటుంది, ఎండాకాలం అంతా దుమ్మే. ఉగాదికి ఒకసారి తీసి చూడండి, నిండిపోయి ఉంటే అప్పుడే మార్చండి. సీజన్ అయిపోయి మృగశిర కార్తె వచ్చేసరికి మాత్రం ఎలా ఉన్నా కొత్తది వేసేయండి. ఎండాకాలం దుమ్ముతో నిండిన ఫిల్టర్‌కి వానాకాలం తడి తగిలితే అక్కడి నుంచే కంపు మొదలవుతుంది. పైగా వానలో ముందు అద్దం మీద పట్టే ఆవిరి పోవాలంటే బ్లోయర్ గాలి జోరుగా రావాలి.

పెట్టేముందు కొత్త ఫిల్టర్ ఫ్రేమ్ అంచు మీద మార్కర్‌తో తేదీ, ఆ రోజు కిలోమీటర్లు రాయండి. మళ్లీ ఎప్పుడైనా సర్వీసుకి ఇచ్చినప్పుడు "ఏసీ ఫిల్టర్ మార్చాం సార్" అని బిల్లులో వేస్తే, గ్లోవ్ బాక్స్ దించి చూసుకోవచ్చు. మీ చేతిరాత ఇంకా అక్కడే ఉంటే ఆ డబ్బులు వెనక్కి అడగండి.